పిజ్జికాటో రావాల్సిన చోట లాంగ్ ఎందుకు పలుకుతోంది?

ప్రశ్న: నమస్కారం సార్. మాది రాజమహేంద్రవరం. షార్ట్ ఫిల్మ్‌లకు సంగీతం చేస్తుంటాను. సంగీతం రికార్డ్ చేసే క్యూబేస్ సాఫ్ట్‌వేర్‌లో, శాంపిల్ వాయిద్యాలను పలికించే కాంటాక్ట్ ప్లగిన్ పెట్టుకుని ఒక స్ట్రింగ్స్ (వయొలిన్ కుటుంబపు వాయిద్యాలు) లైబ్రరీ వాడుతున్నాను. నా దగ్గరున్నది 49 కీల కీబోర్డు. ఈ లైబ్రరీలో సీ0 నొక్కితే లాంగ్ (కమానుతో సాగే పొడవు నోటు), సీ షార్ప్0 నొక్కితే స్పికాటో (కమాను ఎగిరేలా వాయించే పొట్టి నోటు), డీ0కి పిజ్జికాటో (వేలితో మీటడం), డీ షార్ప్0కి ట్రెమొలో (కమానును వేగంగా ఆడించడం) రావాలి. మౌస్‌తో క్లిక్ చేస్తే మారుతున్నాయి, నా కీబోర్డు మీద మాత్రం ఏ కీ నొక్కినా మారడం లేదు. సరే అని పియానో రోల్‌లో (నోట్లు గీసే తెర) కీస్విచ్‌లు, అంటే వాయించే తీరును మార్చే ఆ కీల నోట్లు, గీసుకున్నాను. పాట మొదటి నుంచి వింటే బాగానే ఉంటుంది. చరణం దగ్గర నుంచి ప్లే చేస్తే మాత్రం పిజ్జికాటోకి బదులు లాంగ్ పలుకుతుంది. క్వాంటైజ్ చేశాక, అంటే నోట్లను తాళం గీతల మీదికి సర్దాక, మార్పు ఉన్న ప్రతిచోటా మొదటి నోటు పాత ఆర్టిక్యులేషన్‌లోనే (వాయించే తీరులోనే) వస్తోంది. పాడే అమ్మాయి కోసం శ్రుతి ఒకటి నుంచి రెండుకు పెంచితే అంతా కలగాపులగం అయింది. ఒక్కోసారి లాంగ్‌కి మార్చగానే అసలు శబ్దమే రాదు. లైబ్రరీ పాడైందా? 88 కీల కీబోర్డు కొనమంటారా?

సమాధానం: నమస్తే. మీ లైబ్రరీకి ఏమీ కాలేదు. మౌస్‌తో క్లిక్ చేస్తే మారుతున్నాయని మీరే రాశారు కదా, అంటే లైబ్రరీ తన పని తాను చేస్తోంది. తేడా అంతా దానికి చేరాల్సిన సందేశంలో ఉంది. కీబోర్డు విషయం చివర చెబుతాను, అప్పటిదాకా డబ్బు తీయకండి.

మీరు రాసిన కష్టాలు చూడటానికి వేరువేరుగా ఉన్నా, దాదాపు అన్నింటి మూలం ఒక్కటే. కీస్విచ్‌ని లైబ్రరీ ఆదేశంగా తీసుకుంటుంది. క్యూబేస్‌కి ఆ సంగతి తెలియదు. దానికి అది మీ వయొలిన్ వరుసలో ఇంకో నోటు, అంతే. నోట్లను గ్రిడ్‌కి లాగితే దాన్నీ లాగుతుంది, శ్రుతి పెంచితే దాన్నీ పెంచుతుంది, పార్ట్‌ని కోస్తే దాన్నీ కోస్తుంది. ఈ ఒక్క విషయం గుర్తుంటే తప్పు ఎక్కడ జరుగుతోందో మీకే తెలిసిపోతుంది.

ముందు కీబోర్డు సంగతి. కీబోర్డు నుంచి సాఫ్ట్‌వేర్‌కి వెళ్లే సందేశాల భాషను మిడి అంటారు, అందులో ప్రతి కీకి ఒక నంబరు ఉంటుంది. మిడిల్ సీ మిడి నంబరు 60. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఆ నంబరు అంతే, పేరే మారుతూ ఉంటుంది. క్యూబేస్, కాంటాక్ట్ రెండూ 60ని సీ3 అంటాయి. ఎఫ్‌ఎల్ స్టూడియో సీ5 అంటుంది. లాజిక్‌లోనైతే సీ3 అనాలో సీ4 అనాలో సెట్టింగ్స్‌లో మనమే ఎంచుకోవచ్చు. అందుకే లైబ్రరీ మాన్యువల్‌లో సీ0 అని ఉంటే, ఆ రాసినవారు ఏ లెక్కలో రాశారో తెలియకుండా నమ్మడానికి లేదు. కాంటాక్ట్ లెక్కలో సీ0 అంటే 24. మిడిల్ సీని సీ4 అనేవారి లెక్కలో అదే సీ0 అంటే 12. రెంటికీ మధ్య ఒక ఆక్టేవ్ తేడా. పేరు పక్కన పెట్టి నంబరుతో లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి. మీరు రేపు సాఫ్ట్‌వేర్ మార్చినా, వేరే ప్రోగ్రామర్ నుంచి ఫైల్ తీసుకున్నా ఈ అలవాటే కాపాడుతుంది.

49 కీల కీబోర్డు మామూలుగా 36 నుంచి 84 వరకే పంపుతుంది. మీకు కావాల్సినవి 24, 25, 26, 27. అవి మీ కీబోర్డు మీద లేనే లేవు. ఆక్టేవ్ డౌన్ బటన్ ఒకసారి నొక్కండి, ఎడమ చివరి కీ 24 అవుతుంది. కాంటాక్ట్ కింద కనిపించే కీబోర్డు చూస్తూ నొక్కండి. అక్కడ వాయించగల నోట్లు సాధారణంగా నీలంగా, కీస్విచ్‌లు ఎర్రగా కనిపిస్తాయి. మీరు నొక్కినప్పుడు ఎర్ర కీ దిగితే సమస్య తీరినట్టే. వేరే కీ దిగితే ఆక్టేవ్ లెక్క ఇంకా తేడాగా ఉంది. ఏ కీ కూడా దిగకపోతే మిడి ఛానెల్ (సందేశం వెళ్లే దారి నంబరు) చూడాలి.

ఛానెల్ దగ్గర చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. కీలు చాలవని కంట్రోలర్ ప్యాడ్లకు 24, 25 లాంటి నంబర్లు ఇచ్చుకుంటారు. ఆలోచన మంచిదే. కానీ చాలా కంట్రోలర్లలో ప్యాడ్లు డ్రమ్స్ కోసమని 10వ ఛానెల్‌లో పంపేలా ఉంటాయి, కీలేమో 1లో పంపుతాయి. కాంటాక్ట్‌లో మీ వయొలిన్ 1వ ఛానెల్ మీద ఉంటే ప్యాడ్ నుంచి వచ్చేది దానికి వినపడదు. ప్యాడ్లను 1కి మార్చండి. కాంటాక్ట్‌లో ఒక్కటే వాయిద్యం ఉంటే దాన్ని ఓమ్ని (అన్ని ఛానెళ్లూ వినే సెట్టింగ్) మీద పెట్టినా సరిపోతుంది.

ఆక్టేవ్ దించితే మీ కీబోర్డు 24 నుంచి 72 వరకు అవుతుంది. వయొలిన్ అతి కింది స్వరం 55, అంటే వాయించడానికి మీకు ఒకటిన్నర ఆక్టేవ్ కంటే తక్కువే మిగులుతుంది. కాబట్టి ఒకేసారి రెండూ చేయాలని చూడకండి. ముందు వరుస వాయించి రికార్డ్ చేయండి, తర్వాత ఆక్టేవ్ దించి కీస్విచ్‌లు రెండో విడతలో చేర్చండి. ఇంతకంటే మంచి దారి ఎక్స్‌ప్రెషన్ మ్యాప్, దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు మీ రెండో కష్టం, చరణం నుంచి ప్లే చేస్తే తప్పు పలకడం. నన్నడిగితే ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎందుకంటే మిక్స్ రోజున, గడియారం పరిగెత్తుతుండగా బయటపడేది ఈ తప్పే.

మీరు డీ0ని ఒక చిన్న నోటుగా, ఏ పదహారో వంతు నిడివికో, చరణం ముందు గీసి ఉంటారు. మొదటి నుంచి ప్లే చేస్తే కర్సర్ దాని మీదుగా వెళ్తుంది, ఆదేశం అందుతుంది. చరణం మధ్య నుంచి మొదలుపెడితే ఆ నోటు వెనకే ఉండిపోయింది. కాంటాక్ట్ ఇంతకుముందు ఏ ఆర్టిక్యులేషన్‌లో ఆగిందో అందులోనే ఉంటుంది. వెనక్కి చూసి అప్పటికే మొదలైన సంగతులను మళ్లీ పంపే ఏర్పాటు సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది, దాన్ని చేజ్ అంటారు. క్యూబేస్ ప్రిఫరెన్సెస్‌లో మిడి కింద చేజ్ ఈవెంట్స్ అనే పేజీ ఉంది, అక్కడ నోట్స్ ఎంపికై ఉన్నాయో లేదో చూడండి. అయితే నోట్ల చేజ్‌కి ఒక హద్దు ఉంది. కర్సర్ పెట్టిన క్షణానికి ఇంకా మోగుతూ ఉన్న నోటునే అది పట్టుకుంటుంది. ముగిసిపోయిన నోటు దాని లెక్కలో లేదు.

అందుకని కీస్విచ్‌ని చిన్న చుక్కలా గీయకండి. పిజ్జికాటో ఎంతసేపు ఉందో డీ0ని అంత పొడవునా సాగదీయండి, తర్వాతి కీస్విచ్‌కి కాస్త ముందు ఆపండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే, మధ్య నుంచి ప్లే చేసినప్పుడు రెండూ ఒకేసారి వెళ్లి ఏది గెలుస్తుందో చెప్పలేం. సాగదీయడంలో ఇంకో లాభం ఉంది. కొన్ని లైబ్రరీల్లో కీస్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపే పని చేస్తుంది, వదిలితే మొదటి ఆర్టిక్యులేషన్‌కి తిరిగి వెళ్తుంది. పొడవు నోటు అలాంటి చోటా సరిపోతుంది.

క్వాంటైజ్ సంగతి. కీస్విచ్, దాని వెంట వచ్చే నోటు ఒకే టిక్ (బీట్‌లో చిన్న కాలపు కొలత) మీద పడితే, ఏది ముందు వెళ్తుందనేది సాఫ్ట్‌వేర్ ఇష్టం. నోటు ముందు వెళ్తే అది పాత ఆర్టిక్యులేషన్‌లో పలుకుతుంది, మారడం ఆ తర్వాతి నోటు నుంచి. మీకు సరిగ్గా ఇదే జరుగుతోంది. మీరు చేత్తో వాయించినప్పుడు కీస్విచ్ సహజంగానే కాస్త ముందు పడింది. క్వాంటైజ్ దాన్ని పట్టుకుని నోటు పక్కనే నిలబెట్టింది.

కీస్విచ్‌లను 10 నుంచి 20 మిల్లీసెకన్లు ముందుకు తెస్తే చాలు. టెంపో 120 ఉంటే ఒక బీట్ 500 మిల్లీసెకన్లు. క్యూబేస్ మామూలు సెట్టింగ్‌లో బీట్‌కి 480 టిక్కులు చూపిస్తుంది, అంటే టిక్ ఒక మిల్లీసెకను కంటే కొంచెం ఎక్కువ. 15 టిక్కులు ఎడమవైపుకు జరపండి. కీ ఎడిటర్‌లో ఎడమవైపు నిలువు కీబోర్డు మీద కంట్రోల్ పట్టుకుని, మ్యాక్‌లోనైతే కమాండ్ పట్టుకుని, డీ0ని క్లిక్ చేస్తే ఆ స్వరం మీదున్న నోట్లన్నీ ఒకేసారి ఎంపికవుతాయి. క్వాంటైజ్ చేసేటప్పుడు సంగీతపు నోట్లను మాత్రమే ఎంచుకుని చేయండి, కీస్విచ్‌లను వదిలేయండి. మరీ ఎక్కువ ముందుకు లాగినా ఇబ్బందే. వేగంగా సాగే వరుసలో అది ముందు నోటు కంటే కూడా ముందుకు పోయి, ఆ నోటును పాడు చేస్తుంది.

ఇలా ముందుకు జరిపాక ఎదురయ్యే చిక్కులు రెండున్నాయి. పాట సరిగ్గా మొదటి బార్ మొదటి బీట్ మీద మొదలైతే, దానికి ముందు కీస్విచ్ పెట్టే చోటే ఉండదు. ప్రాజెక్టును ఎప్పుడూ రెండో బార్ నుంచో మూడో బార్ నుంచో మొదలుపెట్టండి. ఆడియో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లెఫ్ట్ లొకేటర్ (ఎక్స్‌పోర్ట్ ఎక్కడ మొదలవ్వాలో చూపే గుర్తు) కూడా ఒక బార్ ముందే పెట్టండి. పాట మొదలయ్యే గీత మీదే లొకేటర్ పెడితే, దానికి 15 మిల్లీసెకన్ల ముందున్న కీస్విచ్ ఎక్స్‌పోర్ట్‌లోకి రాకపోవచ్చు. ప్రాజెక్టులో విన్నప్పుడు సవ్యంగా ఉన్న పాట ఫైల్‌లో తప్పుగా వస్తే మొదట చూడాల్సింది ఇక్కడే.

రెండోది, కోత. మొదటి చరణం స్ట్రింగ్స్‌నే రెండో చరణానికి కాపీ చేస్తాం, అందరం చేసే పనే. పార్ట్‌ని బార్ గీత దగ్గర కత్తిరిస్తే, గీతకు అవతల ఉన్న కీస్విచ్ పల్లవి పార్ట్‌లోనే ఉండిపోతుంది. కాపీ అయిన చరణానికి ఆదేశం లేదు. మొదటి చరణం సరిగ్గా పలికి రెండోది తప్పితే ఇదేనని దాదాపు ఖాయం. గీతకు ఒక బీట్ ముందు కోసి, ఆ ముక్కను అలాగే కాపీ చేయండి.

శ్రుతి మార్చినప్పుడు ఏమైందో మీ లైబ్రరీ లెక్కలోనే చూద్దాం. ఒకటి శ్రుతి నుంచి రెండు శ్రుతికి అంటే సీ నుంచి డీకి, రెండు సెమిటోన్లు. అన్ని నోట్లూ ఎంచుకుని ట్రాన్స్‌పోజ్ చేశారు. 24లో ఉన్న లాంగ్ కీస్విచ్ 26కి వెళ్లి పిజ్జికాటో అయింది. 25లో ఉన్న స్పికాటో 27కి వెళ్లి ట్రెమొలో అయింది. 26, 27లో ఉన్నవి 28, 29కి వెళ్లాయి, అక్కడ మీ లైబ్రరీలో ఏమీ లేదు, కాబట్టి అక్కడ అంతకుముందున్నదే కొనసాగింది. మీకు కలగాపులగంగా వినిపించింది నిజానికి చాలా క్రమంగా జరిగిన పని. నాలుగు కీస్విచ్‌లనూ ఎంచుకుని రెండు సెమిటోన్లు కిందికి దించితే ఇప్పుడే సరిపోతుంది.

ముందుముందు ఈ బాధ లేకుండా ఉండాలంటే కీస్విచ్‌లను వేరే మిడి ట్రాక్‌లో పెట్టి, అదే కాంటాక్ట్ వాయిద్యానికి, అదే ఛానెల్‌కి పంపండి. క్యూబేస్‌లో గ్లోబల్ ట్రాన్స్‌పోజ్‌ని ట్రాక్‌కి ఇండిపెండెంట్ అని పెట్టే వీలుంది. కీస్విచ్ ట్రాక్‌ని అలా పెట్టేస్తే మిగతా పాట ఎంత పైకి పోయినా అది కదలదు. క్వాంటైజ్ నుంచి కూడా దానికి రక్షణే.

మీరు అడగలేదు గానీ, మన పాటలకు పని చేసేవారు ఎక్కువగా పడే బోల్తా ఒకటి చెప్పాలి. పాట ఒక రాగం దాటి బయటికి పోకుండా ఉండాలని కొందరు స్కేల్ దిద్దే మిడి ప్లగిన్లు పెట్టుకుంటారు. సీ ఆధారంగా మోహన పెట్టారనుకోండి, అందులో సీ, డీ, ఈ, జీ, ఏ మాత్రమే ఉంటాయి. మీ స్పికాటో సీ షార్ప్ మీద ఉంది, ట్రెమొలో డీ షార్ప్ మీద ఉంది. ప్లగిన్ వాటిని అపస్వరాలనుకుని పక్క స్వరానికి నెట్టేస్తుంది. లాంగ్, పిజ్జికాటో చక్కగా పని చేస్తాయి, మిగతా రెండూ ఎప్పటికీ రావు. కీస్విచ్‌లలో కొన్ని వచ్చి కొన్ని రాకపోతే, ముఖ్యంగా తెల్ల కీలు పని చేసి నల్ల కీలు చేయకపోతే, ముందు ఇలాంటి ప్లగిన్ ఉందేమో చూసి తీసేయండి. క్యూబేస్ కార్డ్ ట్రాక్‌లోని లైవ్ ట్రాన్స్‌ఫార్మ్ కూడా వచ్చే నోట్లను ఇలాగే మార్చగలదు.

వయొలిన్ ట్రాక్‌ని చెల్లో, డబుల్ బేస్‌లకు కాపీ చేస్తుంటే ఇంకో జాగ్రత్త. చెల్లో అతి కింది స్వరం 36. డబుల్ బేస్‌ది 28, కింది తీగకు ఎక్స్‌టెన్షన్ ఉన్న బేస్‌లో 24. అంటే వయొలిన్‌కి కీస్విచ్ అయిన 24 బేస్‌కి వాయించే స్వరం కావచ్చు. అందుకే చాలా లైబ్రరీల్లో బేస్ కీస్విచ్‌లను స్వరాలకు పైన పెడతారు. కాపీ చేశాక అడుగున ఎక్కడో ఒక గుర్రుమనే శబ్దం వినిపిస్తే అది మీ పాత కీస్విచ్‌ని బేస్ నిజంగానే వాయిస్తోందన్నమాట.

లాంగ్‌కి మార్చగానే శబ్దం పోవడం వేరే కథ. దీనికి కీస్విచ్‌తో సంబంధం లేదు. చాలా లైబ్రరీల్లో స్పికాటో, పిజ్జికాటో లాంటి పొట్టి నోట్ల బిగువు, అంటే ఎంత గట్టిగా పలకాలన్నది, వెలాసిటీతో (కీని ఎంత గట్టిగా నొక్కారన్న విలువతో) వస్తుంది. లాంగ్, ట్రెమొలో లాంటి వాటి బిగువు మాడ్ వీల్‌తో, అంటే సీసీ 1 అనే మిడి కంట్రోల్ విలువతో వస్తుంది. మాడ్ వీల్ సున్నాలో ఉంటే పొట్టి నోట్లు గట్టిగానే పలుకుతాయి, లాంగ్‌కి రాగానే దాదాపు నిశ్శబ్దం. వీల్ కొంచెం పైకి తోసి చూడండి, శబ్దం వస్తే అంతే సంగతి. ట్రాక్‌లో ప్రతి లాంగ్ వరుసకు ముందు సీసీ 1 విలువ రాసి ఉంచండి. అది కాకపోతే సీసీ 11 (ఎక్స్‌ప్రెషన్) చూడండి. అప్పటికీ రాకపోతే ఆ ఆర్టిక్యులేషన్ శాంపిల్స్ లోడ్ అయ్యాయా అని చూడాలి. మెమరీ మిగలాలని పర్జ్ చేసి (శాంపిల్స్‌ని మెమరీ నుంచి తీసేసి) మరిచిపోవడం మామూలే. కొన్ని లైబ్రరీలు కీస్విచ్ వెలాసిటీని కూడా లెక్కలోకి తీసుకుంటాయి, మెల్లగా నొక్కితే ఒకటి, గట్టిగా నొక్కితే ఇంకొకటి. మీ మాన్యువల్‌లో ఆ మాట ఉందేమో ఒకసారి చూసుకోండి.

ఇక ఎక్స్‌ప్రెషన్ మ్యాప్. క్యూబేస్ 5తో 2009లో వచ్చిన ఏర్పాటు ఇది. మీ ఎడిషన్‌లో ఉంటే ఒక సాయంత్రం కూర్చుని దీన్ని నేర్చుకోండి, పైన చెప్పిన తిప్పల్లో చాలావరకు మళ్లీ రావు. ఒక మ్యాప్‌లో నాలుగు స్లాట్లు చేసి, లాంగ్‌కి 24, స్పికాటోకి 25, అలా అవుట్‌పుట్ ఇస్తారు. ఆ తర్వాత ఆర్టిక్యులేషన్‌ని నోట్లతో కలపకుండా వేరే లేన్‌లో రాస్తారు. శ్రుతి పెంచినా అది కదలదు. ఆర్టిక్యులేషన్‌ని యాట్రిబ్యూట్‌గా పెడితే అది ఆ ఒక్క నోటుకే అంటుకుని ఉంటుంది, నోటును ఎక్కడికి కాపీ చేసినా వెంట వస్తుంది. డైరెక్షన్‌గా పెడితే మళ్లీ మార్చేదాకా కొనసాగుతుంది. పొట్టి వరుసలకు నేను యాట్రిబ్యూట్‌నే మెచ్చుతాను. మ్యాప్ పెట్టాక పాత కీస్విచ్ నోట్లన్నీ తప్పకుండా తీసేయండి. రెండూ ఉంటే ఒకటి మార్చినదాన్ని రెండోది చెరిపేస్తుంటుంది, ఆ తప్పు వెతకడం చాలా కష్టం. లాజిక్‌లో ఆర్టిక్యులేషన్ సెట్లు ఇదే పని చేస్తాయి.

మీ 49 కీలకు జవాబు కూడా ఈ మ్యాప్‌లోనే ఉంది. అందులో రిమోట్ కీలు పెట్టుకోవచ్చు. లైబ్రరీకి 24 కావాలన్నా, మీ చేతికి 36 ఇవ్వవచ్చు. వయొలిన్ 55 దగ్గర మొదలవుతుంది, 36 నుంచి 54 వరకు మీ కీబోర్డు మీద ఖాళీగానే ఉంది. నాలుగు ఆర్టిక్యులేషన్లకు అది ఎక్కువే. 88 కీల కీబోర్డు 21 నుంచి 108 వరకు పంపుతుంది. మీ 24 అందుతుంది, నిజమే. కానీ రేపు ఇంకో లైబ్రరీ కీస్విచ్‌లను 0 నుంచి పెడితే అదీ అందుకోలేదు. పియానో వాయించాలనుకుంటే కొనండి, కీస్విచ్‌ల కోసమైతే వద్దు.

సంగీతపరంగా ఒక మాట. నిజమైన వయొలిన్ వాద్యకారుడు ఆర్కో (కమానుతో వాయించడం) నుంచి పిజ్జికాటోకి మారాలంటే కమాను సర్దుకుని వేలితో మీటాలి, దానికి క్షణం కావాలి. మీరు రాసే వరుసలో ఆ క్షణం ఖాళీ ఉంచండి, లేదా సెకండ్ వయొలిన్లకు పిజ్జికాటో ఇచ్చి ఫస్ట్ వయొలిన్లను కమానుతోనే నడిపించండి. రేపు ఈ పాటను మనుషులతో రికార్డ్ చేయించే అవకాశం వస్తే అదే స్కోర్ వాళ్ల ముందు పెట్టగలుగుతారు.

ఇవన్నీ చూశాక కూడా ఏదైనా తేడా ఉంటే మళ్లీ రాయండి. రాసేటప్పుడు లైబ్రరీ పేరు, క్యూబేస్ వెర్షన్, మీరు కీ నొక్కినప్పుడు కాంటాక్ట్ తెర మీద ఏ కీ దిగుతోంది, మిడి మానిటర్‌లో ఏ నోటు, ఏ ఛానెల్ కనిపిస్తోంది, ఇవి తప్పకుండా చెప్పండి.